పెంచిన చెయ్యి

బ్రాడ్‌ఫర్డ్,
5 మార్చి 1978

పెదనాన్నా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే మోకాలి గురించి రెండు పేజీలు రాస్తావు. పెద్దమ్మ పంపిన అల్లం కేకు అందింది. పోస్టులో ఒక పక్క నలిగింది. మిగతా మూడు పక్కలూ మా స్టాఫ్ రూములో రెండు నిమిషాల్లో మాయమయ్యాయి.

నీతో ఒక పని పడింది. నవ్వకూడదు. మంగళ, గురువారాలు సాయంత్రం ఉన్ని మిల్లు ఆడవాళ్ళకి ఇంగ్లీషు చెబుతున్నానని రాశాను కదా. పదకొండు మంది వస్తారు. లాహోరు వైపు వాళ్ళు, గుజరాతు వాళ్ళు, ఒక పోలండు ముసలమ్మ. ఈ నెల పాఠం రెండు ముక్కల క్రియలు. మన ఇంగ్లీషుకి పట్టిన తెగులు అది. మామూలు క్రియకి ఒక బుల్లి ముక్క తగిలిస్తే చాలు, అర్థం ఊరు దాటిపోతుంది. మొన్న 'బ్రింగ్ అప్' చెప్పాను. బిడ్డని పెంచి పెద్ద చేయడం, నలుగురిలో ఒక సంగతి ఎత్తడం, తిన్నది కక్కుకోవడం, మూడింటికీ అదే మాట. "ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఆ మూడూ ఒకే పూట జరుగుతాయి టీచర్" అంది పుష్పాబెన్. క్లాసంతా ఒకటే నవ్వు.

తర్వాత బోర్డు మీద అదే మాటతో "మా పెదనాన్న నన్ను పెంచాడు" అని రాశాను. జుబేదా అని ఒకావిడ ఉంది, ఏదీ ఓ పట్టాన ఒప్పుకోదు. "'బ్రింగ్', తెచ్చాడు సరే టీచర్, 'అప్', పైకి అంటే ఎక్కడిదాకా?" అంది. పుస్తకం తిరగేశాను. పుస్తకంలోవి చచ్చు వాక్యాలు. నువ్వు ఆ మాట రోజూ ఎలా వాడతావో, నీ నోట ఎలా వస్తుందో అలాగే నాలుగు వాక్యాలు రాసి పంపు. దిద్దకు.

ఇంకో పెద్ద కబురుంది. నీ జవాబు వచ్చాక చెబుతాను, అప్పటిదాకా కొట్టుకో.

నీ ఏవ్రిల్


రేవెన్స్‌లా,
12 మార్చి

అమ్మాయ్,

మోకాలు బాగాలేదు. అడగలేదు కనక అంతటితో ఆపేస్తున్నాను.

వాక్యాలు రాసుకో. "మేం మా ఏవ్రిల్‌ని ఆరో ఏటినించీ పెంచాం." ఇది నాది. "ఈ ఇంట్లో పెరిగిన పిల్ల తలుపు అలా విసిరికొట్టదు." ఇది మీ పెద్దమ్మది, నీ పదిహేనో ఏట రోజుకి రెండుసార్లు అనేది. "నిన్నెవరు పెంచారోయ్, గాడిదలా?" ఇది మా తోటల క్లబ్బు సెక్రటరీ నార్మన్ ప్రౌడ్‌తో అనేది, వాడు నా గ్లాసులోంచి తాగినప్పుడల్లా. ఆఖరిది, "ఈ ఏడు లీక్ ఉల్లిని చంటిబిడ్డని పెంచినట్టు పెంచుతున్నాను." ఇది నిజం కూడా. నారు చూస్తే ముచ్చటేస్తుంది. తెల్లటి కాడలు ఇప్పుడే చూపుడువేలంత లావున్నాయి, సెప్టెంబరుకి నా మోచెయ్యంత అవుతాయి. క్లబ్బు లీక్ ఉల్లి పోటీలో మొదటి బహుమతి ఈసారి సోఫా సెట్టు. మీ పెద్దమ్మ అప్పుడే హాల్లో కొలతలు తీసి సుద్దతో గీతలు గీసింది.

పైకి అంటే ఎక్కడిదాకా అని అడిగిందా ఆవిడ? చెప్పు. నిన్ను రోజూ కొండ మీది తోటకి తీసుకెళ్ళేవాణ్ణి. కుడి చేతిలో ఎరువు బకెట్టు, ఎడమ చేతిలో నువ్వు. ఎక్కేటప్పుడు బకెట్టు తొణికేది, నువ్వు ముక్కు మూసుకుని ఏడ్చేదానివి. నాకు తెలిసిన పైకి అంతే.

ఇంకో సంగతి. రాయకూడదనుకున్నాను, మీ పెద్దమ్మ కళ్ళురిమింది. మీ నాన్న వచ్చాడు. మీ అమ్మ పోయిన వారానికి నిన్ను మా గుమ్మంలో దించి "రెండు వారాలు చూసుకో అన్నా" అని కోర్బీ ఉక్కు ఫ్యాక్టరీకి పోయినవాడు, ఇరవై ఒక్క ఏళ్ళకి నడుం పట్టేసి, పింఛను పుచ్చుకుని వచ్చాడు. ఊరంతా తోటముక్కలు ఖాళీగా ఉంటే నా పక్క ముక్కే తీసుకున్నాడు. క్లబ్బులో కూడా చేరాడు, లీక్ ఉల్లి నాటతాట్ట. మా మధ్య కంచె ఉంది, మాటల్లేవు. కావాలంటే నీకు రాస్తాడులే. నేను చెప్పాల్సింది చెప్పేశాను.

నీ పెద్ద కబురేమిటి? ఉద్యోగం పోయిందా?

పెదనాన్న విల్ఫ్


బ్రాడ్‌ఫర్డ్,
2 ఏప్రిల్

పెదనాన్నా,

ఉద్యోగం పోలేదు. పెళ్ళి చేసుకుంటున్నాను. కుర్చీలో కూర్చుని చదువుతున్నావనుకుంటా, లేకపోతే కూర్చో.

పేరు నెవిల్. ఇక్కడి సిటీ బస్సుల్లో ఇన్‌స్పెక్టరు. పొడుగు. తక్కువ మాట్లాడతాడు, టిక్కెట్టు లేనివాడితో తప్ప. పెద్దమ్మకి నచ్చుతాడు, పెట్టింది మారు మాట్లాడకుండా తింటాడు. సెప్టెంబరు 16న ఇక్కడి చర్చిలో పెళ్ళి. పక్క హాలు ఆ ఒక్క శనివారమే ఖాళీగా ఉంది.

నీ వాక్యాలు క్లాసులో చదివాను. గాడిదల వాక్యం జుబేదా నోటుపుస్తకంలో రాసుకుంది, వాళ్ళాయన మీద వాడుతుందట. కానీ నాలుగోది కొట్టేశాను, ఏమీ అనుకోకు. ఆ మాట మనుషుల పిల్లలకే. లీక్ ఉల్లిని 'బ్రింగ్ అప్' చెయ్యరు, ఊరికే పండిస్తారు. పశువులకి కూడా వేరే మాట. కూరగాయకి మర్యాదలు నేర్పవు కదా మరి.

నాన్న నాకు రాశాడు. మూడు పేజీలు. రెండు పేజీల్లో వాన గురించి, మూడో పేజీలో క్షమించమని. పెళ్ళి సంగతి రాస్తే, చర్చిలో నా చెయ్యి పట్టుకుని నడిపించే పని తనకిమ్మని అడిగాడు. నేనింకా జవాబివ్వలేదు. ఈ సంగతి క్లాసులో ఎత్తడం నా తప్పే. రెండు జట్లయిపోయారు. ఎంతయినా తండ్రి తండ్రే అంటుంది జుబేదా. అన్నం పెట్టినవాడే తండ్రి అంటుంది పుష్పాబెన్. బెల్లు కొట్టినా లేవలేదు ఒక్కరూ.

నువ్వేమంటావు పెదనాన్నా? నీ మాట ప్రకారమే చేస్తాను.

నీ ఏవ్రిల్


రేవెన్స్‌లా,
9 ఏప్రిల్

అమ్మాయ్,

సెప్టెంబరు పదహారు! సెప్టెంబరు మూడో శనివారం! ఈ ఇంట్లో పెరిగి, మూడో శనివారం ఏమిటో మర్చిపోయావా? నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఆ రోజు పెళ్ళి జరగలేదు. చావు కూడా జరగలేదు. పోటీ బల్లల మీద లీక్ ఉల్లి పెట్టాకే ముసలాళ్ళు కన్ను మూస్తారు. ఇంకే శనివారం దొరకలేదా నీకు?

నెవిల్ మంచివాడే అయ్యుంటాడు. బస్సుల్లో పనిచేసేవాడికి టైము విలువ తెలుస్తుంది.

ఇక నువ్వడిగింది. నన్నెందుకు అడగడం? తండ్రి బతికే ఉన్నాడు, కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి, పైగా తనే అడుగుతున్నాడు. అది తండ్రి చేసే పని. నేను అడ్డం పడే మనిషిని కాను.

లీక్ ఉల్లి విషయంలో నువ్వు చెప్పింది తప్పు. నా వాటికి మర్యాద తెలుసు. నార్మన్ ప్రౌడ్ కంటే ఎక్కువే తెలుసు.

పెదనాన్న

ఎడ్నా పెద్దమ్మ రాసేది: బంగారుతల్లీ, చాలా సంతోషం. గౌను నేను కుడతాను, కొలతలు పంపు. మీ పెదనాన్న నీ ఉత్తరం చదివి టీ తాగకుండా తోటకి పోయాడు. ఇప్పుడే వచ్చాడు, చలికి ముక్కు ఎర్రబడింది.


బ్రాడ్‌ఫర్డ్,
23 ఏప్రిల్

పెదనాన్నా,

అర్థమయింది. తేదీ మర్చిపోయాను, నాదే తప్పు. తొమ్మిదేళ్ళయింది ఊరొదిలి. కానీ హాలువాడికి డబ్బు కట్టేశాను, మార్చడం కుదరదు. నువ్వు పోటీకే వెళ్ళు. నీకు సోఫా రావాలని కోరుకుంటాను.

నాన్నకి సరేనని రాశాను, నువ్వు చెప్పినట్టే.

క్లాసులో కొత్త పాఠం మొదలుపెట్టాను.

ఏవ్రిల్


రేవెన్స్‌లా,
2 జులై

అమ్మాయ్,

రెండు నెలలయింది నీ ఉత్తరం చూసి. పెద్దమ్మకి కొలతలు పంపావట, నాకు ఒక ముక్క రాయలేదు. సరే, పెళ్ళి పనుల్లో ఉంటావు.

మీ నాన్న సంగతి నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మూడు వారాల కింద షెడ్డు కప్పు బాగుచేస్తానని నిచ్చెనెక్కి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. డర్హమ్ ఆస్పత్రిలో ఉన్నాడు, ఆగస్టు చివరిదాకా కదలనివ్వరట. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా నిచ్చెనకి కింద ఎవరైనా పట్టుకోవాలని తెలీదు వాడికి. చిన్నప్పుడూ అంతే.

వాడి లీక్ ఉల్లి పని అయిపోయినట్టే. వానల్లేవు. ఈ ఎండకి ఆదివారానికల్లా పడుకుంటాయి, నాకేం? వాడి పాపం వాడిది. అయినా వాడు గుంత తవ్విన తీరే తప్పు, పడమటి వైపు నీరు నిలవదు, అక్కడ ఇంకో రెండు డబ్బాలు ఎక్కువ పోయాలి. ఎడమనుంచి మూడోదానికి ఆకు కొసన పసుపు తిరిగింది కానీ గొర్రె పెంట నీళ్ళు పడేసరికి తేరుకుంది. నిన్నటికి కాడ మెడ చుట్టుకొలత నా వాటికంటే అరంగుళం ఎక్కువ. కంచె మీంచి కనబడింది లే.

పెదనాన్న

ఎడ్నా పెద్దమ్మ: కంచె మీంచి కనబడిందట! రోజూ పొద్దున్న ఐదింటికి లేచి, ఆ మోకాలితో, కొళాయి దగ్గర్నుంచి పన్నెండు డబ్బాలు మోస్తున్నాడు మీ నాన్న మడికి. తర్వాత ఆరు డబ్బాలు తన మడికి. తన బ్రౌన్ బీరు కూడా వాటికే పోస్తున్నాడు, పెళ్ళయిన దగ్గర్నుంచి నాకు ఒక గుక్క ఇవ్వలేదు. ఎందుకయ్యా అంటే "పైరు ఏం పాపం చేసింది" అంటాడు. ఈ సంగతి నీకు రాశానని తెలిస్తే నన్ను బతకనివ్వడు.


బ్రాడ్‌ఫర్డ్,
16 జులై

పెదనాన్నా,

నిన్న డర్హమ్ వెళ్ళి నాన్నని చూసొచ్చాను. మీ ఇంటికి రాలేదని కోపం తెచ్చుకోకు. ఆస్పత్రి బయట బస్సు కోసం నిలబడి, రేవెన్స్‌లా బస్సు రెండుసార్లు వదిలేశాను. వస్తే ఏడుస్తానని భయం. ఏడిస్తే నువ్వు లీక్ ఉల్లి గురించి మాట్లాడతావు.

ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత నన్ను చూసి నాన్న ముందు నా జుట్టు గురించి అన్నాడు, అచ్చం అమ్మ జుట్టని. తర్వాత అడిగాడు, "నా లీక్ ఉల్లి ఉందా, పోయిందా?" అని. బాగుందని చెప్పాను. నార్మన్ ప్రౌడ్ నీళ్ళు పోస్తున్నాడనుకుంటున్నాడు, ఆయనకి టోపీ కొనిపెడతానన్నాడు. నేను కాదనలేదు. నాకు ఏమీ తెలియదు కదా.

పెళ్ళినాటికి కర్రతో నడుస్తానంటున్నాడు. నడిపిస్తానన్న మాట తప్పడట. నాకు ఆయన మీద కోపం లేదు పెదనాన్నా, నిజం. జాలేసింది. కానీ చెయ్యి పట్టుకుంటే కొత్తమనిషి చెయ్యిలా ఉంది.

నీ మీద మాత్రం కోపం ఉంది. ఇంకా ఉంది.

ఏవ్రిల్


రేవెన్స్‌లా,
10 సెప్టెంబరు

అమ్మాయ్,

ఇది పెద్ద ఉత్తరం. కేకు ముక్క పక్కన పెట్టుకుని చదువు.

మొన్న గురువారం ముద్ర రోజు. నీకు గుర్తుండే ఉంటుంది, పోటీకి ముందు కమిటీ ముగ్గురూ తోట తోటకీ వచ్చి ఎంచుకున్న కాడల మీద ముద్ర వేస్తారు, తర్వాత ఎవడూ పక్కూరి సరుకు తెచ్చి పెట్టకుండా. ముద్రకి ముందు నార్మన్ కాగితం చదువుతాడు, "ఈ కాడలను నా చేతులతో నాటి, నీళ్ళు పోసి, పెంచితినని ప్రమాణం చేస్తున్నాను." దాని మీద సంతకం పెట్టాలి. అబద్ధం సంతకం పెట్టినవాణ్ణి ఈ ఊళ్ళో ఎవడూ పెళ్ళికి పిలవడు, చావుకి పిలవడు.

మీ నాన్న అంతకు ముందురోజే కర్ర మీద ఇంటికి చేరాడు. నార్మన్‌కి టోపీ తెచ్చాడు. నార్మన్ టోపీ పెట్టుకుని, "చాలా బాగుంది కానీ ఎందుకు?" అన్నాడు. "నీళ్ళు పోసినందుకు." "నేనెక్కడ పోశాను? నా మడికే నేను సరిగ్గా పోయను!" టోపీ మాత్రం తియ్యలేదు.

మీ నాన్న మడిలోకి వంగి చూశాడు. తెల్లబడ్డానికి కాడల మెడలకి అట్టలు చుట్టి ఉన్నాయి. అట్టలు నేను బొగ్గు గనిలో తొడిగిన బూట్ల తాళ్ళతో కట్టి ఉన్నాయి. ఈ తోటల్లో బూటు తాళ్ళతో కట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. తాళ్ళు మార్చాలని నాకు తట్టనే లేదు, చూశావా! నేను కంచెకి ఇవతల బకెట్టు తోముతున్నట్టు నటిస్తున్నాను. తోమిన బకెట్టే తోముతున్నాను.

ఏవ్రిల్, ఆ కాడలు నువ్వు చూడాలి. పెద్దది ఆరున్నర అంగుళాల మెడ, పాలరాయిలా ఉంది. ముగ్గురు కమిటీ వాళ్ళూ టోపీలు తీశారు, నార్మన్ కొత్తది కూడా తీశాడు. సోఫా మీ నాన్నదే అని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. నార్మన్ కలం ఇచ్చాడు. మీ నాన్న కలం పుచ్చుకుని, కాగితం రెండుసార్లు చదువుకుని, కలం తిరిగి ఇచ్చేశాడు.

"నేను సంతకం పెట్టలేను. నాటింది నేనే. పెంచింది వాడు" అన్నాడు కంచె వైపు చూపించి. నీ రెండు ముక్కల మాటే వాడాడు, 'బ్రింగ్ అప్'. కూరగాయలకి వాడకూడదని మా ఏవ్రిల్ చెప్పింది, అని దిద్దబోయాను. బకెట్టు కింద పెట్టేశాను.

రూలు ప్రకారం నేనూ పోటీలో పెట్టలేను, మడి నాది కాదు. నలభై ఏళ్ళలో ఈ ఊరు చూడని కాడలు, ఎవడివీ కాకుండా పోయాయి. కమిటీ వాళ్ళు ఇంట్లో మనిషి పోయినట్టు మొహాలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

తర్వాత వాడు కంచె దగ్గరికి వచ్చాడు. ఇరవై ఒక్క ఏళ్ళకి మొదటి మాట, "నువ్వొక మొద్దువి" అన్నాడు. తమ్ముడు అన్నతో మాట్లాడే తీరా అది? "అది ముందు నిన్నే అడిగింది కదరా! నువ్వు వద్దన్నావని ఏప్రిల్‌లో నాకు రాసింది. నీ లీక్ ఉల్లి కోసం వద్దన్నావట. ఆ కాగితం మీద ఏడ్చిన మరకలున్నాయి." నేను వద్దని ఎక్కడన్నాను? తండ్రి ఉన్నాడన్నాను. "అదే వద్దనడం" అన్నాడు. పోటీ రోజని గొణిగాను, నిజమే. గొణగడం వేరు, రాననడం వేరు. ఇన్నేళ్ళు నా గొణుగుడు విన్నదానివి, నీకు తేడా తెలీదా? నెవిల్ మంగళగ్రహం మీద చేసుకున్నా వచ్చేవాణ్ణి.

"సంతకం నాది కాదు. ముందు వరసలో కూర్చుంటాను, కాలు చాపుకోడానికి చోటుంటుంది. నడిపించేది నువ్వు. దానికి ఇష్టమైతేనే" అని వాడు వెనక్కి తిరిగాడు. కర్ర మట్టిలో దిగబడింది. నేనే కంచె దాటి వెళ్ళి పట్టుకున్నాను. ఇంటిదాకా తీసుకొచ్చాను. మీ పెద్దమ్మ మూడో పళ్ళెం పెట్టింది.

ఇప్పుడు ఉన్నమాట చెబుతున్నాను, మళ్ళీ అడగకు. ఏప్రిల్‌లో నేనే నడిపిస్తానని రాయడానికి నాకు భయమేసింది. "రెండు వారాలు చూసుకో" అని ఇచ్చిన పిల్లవి నువ్వు. నీకు తండ్రినని నేనొక్కణ్ణే అనుకుంటున్నానేమో, అది నువ్వు ఎప్పుడూ అనుకోలేదేమో అని. అరవై రెండేళ్ళ మనిషికి ఇంత పిరికితనం ఉండకూడదు. తప్పయిపోయింది తల్లీ.

పోటీలో ఈసారి నా పేరు లేదు, కొట్టేయించాను. కాడలు పెట్టిన మనిషి పక్కన నిలబడాలని రూలు, నేను బ్రాడ్‌ఫర్డ్‌లో ఉంటాను. పెద్దమ్మ హాల్లో సుద్దగీతలు తుడిచేసింది, పాత కుర్చీలే నయమంది. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి ముగ్గురం వస్తున్నాం. మీ నాన్న కాడలు దుప్పటిలో చుట్టి నాలుగో సీటు మీద పెడతాం. పెళ్ళి భోజనంలో లీక్ ఉల్లి పుడ్డింగు పెద్దమ్మ చేస్తుంది, హాలువాడికి ముందే చెప్పు. నెవిల్ ఇన్‌స్పెక్టరు కదా, వాటికి టిక్కెట్టు కొనాలా?

నువ్వు సరేనంటే మటుకు ఒక్క సంగతి చెప్పాలి. నాలుగు రోజులుగా పెద్దమ్మతో పెరట్లో ప్రాక్టీసు చేస్తున్నాను. ఆవిడ ఎడమంటుంది, నార్మన్ కుడి అంటాడు, మీ నాన్నకి గుర్తులేదట. చర్చిలో నేను నీకు ఏ చెయ్యి ఇవ్వాలి?

మీ పెదనాన్న విల్ఫ్


బ్రాడ్‌ఫర్డ్,
13 సెప్టెంబరు

పెదనాన్నా,

టిక్కెట్టు అక్కర్లేదట, ఒళ్ళో పెట్టుకుంటే చాలట.

క్లాసులో నేను కొట్టేసిన నీ నాలుగో వాక్యం, లీక్ ఉల్లిది, మళ్ళీ బోర్డు మీద రాశాను. జుబేదా ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. శనివారం పదకొండు మందీ వస్తున్నారు, నిన్ను చూడటానికి.

ఎడమ చెయ్యి ఇవ్వు. కుడి చేతిలో బకెట్టు ఉండేది.

నీ ఏవ్రిల్